గోడకు పెట్టుకునే మధ్యయుగపు కత్తి: స్టెయిన్‌లెస్ నకలు చాలదా?

కొత్తకత్తి:
హాల్లో గోడకు ఒక ఖడ్గం పెట్టుకోవాలని చాన్నాళ్లుగా కోరిక. 13వ శతాబ్దంలో యూరప్ నైట్లు పట్టిన ఒంటిచేతి రకం. నిటారు అడ్డకడ్డీ, పిడి చివర బిళ్ల లాంటి గుండు. రెండు నచ్చాయి. ఒకటి 440 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, అద్దంలా మెరుస్తోంది. రెండోది 1060 రకం కార్బన్ స్టీల్, ధర బాగా ఎక్కువ. నేను దాన్ని తిప్పను, దేన్నీ నరకను, చూసుకోవడానికే. ఏది తీసుకోమంటారు?

ఉక్కుపిచ్చి:
స్టెయిన్‌లెస్ వద్దండి. కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తేనే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. చిన్న చాకులకు అది బాగానే ఉంటుంది. 75, 80 సెంటీమీటర్ల అలుగు (పిడి కాక మిగిలిన కత్తి భాగం) చేస్తే మాత్రం దెబ్బ తగిలినప్పుడు వంగి తిరిగి నిలబడదు, పుటుక్కున విరుగుతుంది. 1060లో కార్బన్ 0.6 శాతం. సరిగ్గా కాల్చి చల్లార్చి గట్టిపరిస్తే అది స్ప్రింగులా వంగి మళ్లీ నిటారవుతుంది.

అంతకంటే ముఖ్యం పిడి లోపల ఏముందో. పాత కత్తుల్లో అలుగే సన్నబడి, తోకలా అడ్డకడ్డీ గుండా, పిడి గుండా, గుండు గుండా బయటికి వస్తుంది. ఆ కొసను సుత్తితో కొట్టి రివెట్‌లా పరుస్తారు. అంతా ఒకటే ఉక్కు. చవక నకళ్లలో అలుగు చివర ఒక సన్నని మరల కడ్డీని వెల్డింగ్ చేసి, గుండు కింద నట్టు బిగిస్తారు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తోక ఫొటో పంపమని అడగండి. పంపనంటే అక్కడితో వదిలేయండి.

బరువూ చూడండి. ఈ రకం అసలు కత్తులు చాలావరకు కిలోకి కాస్త అటూ ఇటూ, కిలోన్నర లోపే. గోడ నకళ్లు రెండు కిలోలు దాటడం మామూలే, ఆ బరువంతా మొన వైపే.

శారద:
ఆయన స్పష్టంగా చెప్పారు, తిప్పను అని. గోడ మీద కత్తి వంగి మళ్లీ నిటారు కావాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది? స్టెయిన్‌లెస్‌కి నూనె అక్కర్లేదు, తుడిస్తే చాలు. డబ్బు మిగుల్చుకోండి.

తుప్పుశత్రువు:
కార్బన్‌దే కొంటే వేలిముద్రలు పడగానే తుడవాలి. చెమటలోని ఉప్పు ఒక్క రాత్రిలో మచ్చ పెడుతుంది. 1950లలో బ్రిటిష్ మ్యూజియంలో తయారుచేసిన మైనం ఒకటుంది, రినైసెన్స్ వాక్స్. గోడ మీద ఉండేవాటికి నూనె కంటే అదే మేలు, దుమ్ము అంటుకోదు. తోలు ఒరలో మాత్రం నెలల తరబడి ఉంచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

ఉక్కుపిచ్చి:
శారదగారూ, "తిప్పను" అని ప్రతివాడూ అంటాడు. నా మొదటి కత్తిని "యుద్ధానికి సిద్ధం" అని రాసి అమ్మారు. కొన్నవాడిని నేను, నమ్మినవాడిని నేను. ఇంటికొచ్చిన మా తమ్ముడు గోడ మీంచి తీసి గాల్లో ఒక్కసారి ఊపాడు. నట్టు దగ్గర కడ్డీ తెగింది. పిడి వాడి చేతిలో ఉండిపోయింది, అలుగు వెళ్లి బీరువా తలుపులో దిగింది. మా అమ్మ అప్పుడే అక్కణ్నించి లేచింది. అమ్మినవాళ్లకు రాస్తే "అలంకరణ వస్తువు, వాడకూడదు" అని జవాబు. మరి యుద్ధం మాట ఎందుకు రాశారు?

శారద:
అమ్మగారికి ఏమీ కాలేదు, సంతోషం. కానీ తప్పు ఊపడంలో ఉంది.

ఉక్కుపిచ్చి:
తప్పు వెల్డింగ్‌లో ఉంది.

శారద:
ఊపకపోతే వెల్డింగ్ తెగేది కాదు.

ఉక్కుపిచ్చి:
కత్తి అని అమ్మినదాన్ని ఒక్కసారి గాల్లో ఊపితే తెగకూడదు! ఇందులో వాదించడానికి ఏముంది?

పాతకాగితం:
ఒక మాట. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో జ్వాయూజ్ అనే ఖడ్గం ఉంది. మధ్యయుగపు చక్రవర్తి షార్లమేన్‌దని చెప్తారు, ఫ్రాన్స్ రాజుల పట్టాభిషేకాల్లో వాడారు. దాని గుండు ఒక కాలానిది, అడ్డకడ్డీ ఇంకో కాలానిది, ఒర మరో కాలానిది. 1804లో నెపోలియన్ పట్టాభిషేకానికి ముందు పిడి మీది రాజచిహ్నాలు తీసేశారు. "అసలు" అని మనం గీసే గీత అంత సూటిగా ఉండదు.

ఉక్కుపిచ్చి:
జ్వాయూజ్ ముక్కలు ఏ కాలంలో చేసినవైనా ఆ కాలపు పనివాళ్లు శ్రద్ధగా చేసినవి. దాన్ని నట్టు కత్తితో పోల్చకండి. ఓక్‌షాట్ అనే పరిశోధకుడు 1960లో మధ్యయుగపు కత్తులను అంకెలు వేసి రకాలుగా వర్గీకరించాడు. అలుగు వెడల్పు, మధ్యలో గాడి పొడవు, మొన సన్నబడే తీరు, ఇవన్నీ చూసి చేసిన పని. పన్నెండో రకంలో గాడి అలుగు సగం దాటాక ఆగుతుంది, ఎందుకంటే మొన దగ్గర పొడవడానికి గట్టిదనం కావాలి. స్టెయిన్‌లెస్ నకలులో గాడిని చివరిదాకా గీసి పారేస్తారు. అది చూస్తే నాకు కడుపు మండుతుంది. ఎవడో కమ్మరి ప్రాణం పెట్టి కనుక్కున్న ఆకారం అది.

కొత్తకత్తి:
నేను చూసిన 1060 కత్తికి గాడి మూడింట రెండొంతులే ఉంది. తోక కొట్టి పరిచిందే. కానీ పదును పెట్టి పంపుతారట. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది.

శారద:
ఇదిగో, ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది. ఉక్కుపిచ్చిగారూ, గోడ మీద కత్తిని ఎవరో ఒకరు తీస్తారని మీరే అన్నారు. ఇప్పుడు మాంసాన్ని ఎముకదాకా కోసే అలుగును అదే గోడకు పెట్టమంటున్నారు. తోక గట్టిగా ఉంటే పాప క్షేమమా?

ఉక్కుపిచ్చి:
ఎత్తులో పెట్టండి, తాళం ఉన్న కొక్కెం వేయండి. పిల్లలున్న ఇంట్లో కూరగాయలు కోసే కత్తులు లేవా? మీలాంటివాళ్లకు కత్తి అంటే కర్టెన్ లాంటి అలంకరణ. తళతళలాడితే చాలు. అందుకే చెత్త అమ్ముడుపోతోంది.

శారద:
"మీలాంటివాళ్లు" అంటే? నా గురించి మీకేం తెలుసు? చెప్తాను వినండి. నేను ఇరవై ఏళ్లు వచ్చేదాకా పెరిగిన ఇంట్లో మా పెదనాన్నగారి కత్తులు హాలు నిండా ఉండేవి. అన్నీ పదునువే, ఆయనకు అదే గర్వం. ఆయన గొంతు లేచినప్పుడల్లా మేం పిల్లలం ఆయన మొహం చూసేవాళ్లం కాదు, గోడ చూసేవాళ్లం. ఆయన ఒక్కనాడూ వాటిని ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు, అవి అక్కడ ఉంటే చాలింది. కూరగాయల కత్తిని ఎవరూ హాల్లో దీపం పెట్టి చూపించరండీ. నాకు వెల్డింగ్ గురించి పట్టింపు లేదు. మనిషిని చంపగలిగేది హాల్లో ఉండకూడదు, అంతే నా మాట. స్టెయిన్‌లెస్ అని మొదట్నించీ అంటున్నది అందుకే.

తుప్పుశత్రువు:
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఉక్కుపిచ్చి:
శారదగారూ, ఆ ఇల్లు అలా ఉండకూడదు. దానికి నేను జవాబు చెప్పలేను. కానీ ఆ భయం ఆయన గొంతులో ఉంది, ఉక్కులో లేదు. ఆయన గోడకు స్టెయిన్‌లెస్ పెట్టి ఉన్నా మీరు గోడే చూసేవాళ్లు, పిల్లలకు తేడా తెలియదు కదా. నా బాధ వేరు. చేసినవాడు తన పనిలో మోసం చేసి, కొన్నవాడు అది మోసమని తెలిసీ గోడకు పెట్టుకుంటే, ఆ కత్తి చేసిన పాత మనుషుల్ని మనం అవమానించినట్టే. నేను గోడకు పెట్టుకునేది వాళ్ల పనిని. దానితో ఎవరినీ భయపెట్టడానికి కాదు.

శారద:
పెదనాన్నగారూ అదే అనేవారు.

పాతకాగితం:
ఇంగ్లండ్ పట్టాభిషేకాల్లో రాజు ముందు మోసే కత్తుల్లో కర్టానా ఒకటి. దాని మొన తెగి ఉంటుంది, అది దయకు గుర్తు. మొన లేనంత మాత్రాన ఎవరూ దాన్ని నకిలీ అనలేదు. పదును లేని మంచి కత్తి కూడా ఉంటుంది కదా?

కొత్తకత్తి:
తయారీదారుకు రాశాను. అదే 1060, అదే తోక, అంచు పదును పెట్టకుండా పంపగలరట. మొన గుండ్రం చేస్తారు. తాళం కొక్కెం వేసి, పాపకు అందనంత ఎత్తులో పెడతాను. దాదాపు ఖాయం చేసుకున్నాను.

ఉక్కుపిచ్చి:
మంచి నిర్ణయం. అంచు మందం ఎంతో అడగండి. సాధన కత్తుల్లా రెండు మిల్లీమీటర్లు ఉంచితే అలుగు రూపం మారిపోతుంది, బరువు పెరుగుతుంది. ఆఖరి రాపిడి మాత్రమే ఆపమనండి.

శారద:
అంచు అంత సన్నగా ఉంటే ఎవరైనా గంటలో పదును పెట్టుకోవచ్చు. రెండు మిల్లీమీటర్లే ఉంచమనండి.

ఉక్కుపిచ్చి:
అప్పుడది పదమూడో శతాబ్దపు కత్తి కాదు.

శారద:
ఆ ఇంట్లో ఉన్నది ఆరేళ్ల పాప, పదమూడో శతాబ్దం కాదు.

కొత్తకత్తి:
రెండు మిల్లీమీటర్లకే చెప్తున్నాను. ఉక్కుపిచ్చిగారూ, గాడి ఎక్కడ ఆగిందో కొలిచి ఫొటో పెడతాను, మిగతాది మీరే చెప్పండి.