నెల చందా ఉండగా సొంత పాటల ఫైళ్లు ఇంకా దేనికి?

రాగమాలిక | సాయంత్రం 6:40
పాటల యాప్‌కి నెలనెలా చందా కడుతూనే ఉన్నాం. అందులో పది కోట్లకు పైగా పాటలున్నాయంటున్నారు. ఇంకోపక్క సీడీల నుంచి తీసినవీ కొన్నవీ కలిపి 6,000 ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లో పడి ఉన్నాయి. ఎక్కువ భాగం 320 ఎంపీ3 (సెకనుకు 320 కిలోబిట్లకు కుదించినవి), కొన్ని ఫ్లాక్ (శబ్దం ఏమీ పోకుండా కుదించినవి). వీటిని ఏదైనా క్లౌడ్‌లోకి ఎక్కించాలా, చందా ఉంది కదా అని తీసేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బిట్‌రేట్ | 6:58
తీసేయొద్దండీ. ముందు ఒక్క మాట తేల్చుకుందాం. యాప్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కితే మీకొచ్చేది ఫైలు కాదు, తాళం వేసిన ముక్క. తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. స్పాటిఫై సంగతే తీసుకోండి: ఒక్కో పరికరంలో 10,000 పాటలు, మొత్తం ఐదు పరికరాలు, 30 రోజులకోసారైనా నెట్‌కి కలపాలి. కలపకపోతే దించుకున్నవి పోతాయి. చందా ఆపినా అంతే.

ఇక క్లౌడ్ లాకర్లు, అంటే మన పాటల ఫైళ్లు దాచి వినిపించే సర్వీసులు. గూగుల్ ప్లే మ్యూజిక్ 50,000 పాటలదాకా ఉచితంగా దాచుకోనిచ్చింది. 2020 డిసెంబరుకల్లా పాటలు వినిపించడం ఆపేసింది. 2021 ఫిబ్రవరి 24 వరకు గడువిచ్చి, ఆ తర్వాత దాచినవి చెరిపేసింది. యూట్యూబ్ మ్యూజిక్‌కి మార్చుకునే దారి చూపించింది, కాదనను. ఆ గడువులోగా బటన్ నొక్కనివాళ్ల పాటలు మాత్రం పోయినట్టే. పైగా మీరు ఫ్లాక్ ఎక్కించినా అది 320 ఎంపీ3గా మార్చి దాచేది. యాపిల్ వాళ్ల ఐట్యూన్స్ మ్యాచ్‌లో ఇంకో రకం మెలిక ఉంది. మీ పాట వాళ్ల దుకాణంలో దొరికితే మీ ఫైలు ఎక్కించుకోనే ఎక్కించుకోదు, తిరిగి దించుకున్నప్పుడు 256 ఏఏసీ (అదీ ఎంపీ3లాగే కుదించిన రకమే) ఇస్తుంది. మీది ఫ్లాక్‌లాగా లాస్‌లెస్ (శబ్దం పోనిది) అయినా సరే. కాబట్టి క్లౌడ్ అంటే అదనపు ప్రతి మాత్రమే. అసలు మీ డిస్క్ మీదే ఉండాలి.

నీలిమేఘం | 7:21
బిట్‌రేట్ గారూ, క్లౌడ్ మూతపడిన తేదీలు బాగానే చెప్పారు. ఇళ్లల్లో చచ్చిపోయిన హార్డ్‌డిస్కుల తేదీలు ఎవరూ రాసిపెట్టరు, అందుకే అవి లెక్కలోకి రావు. ఎక్కువమందికి ‘బ్యాకప్’ అంటే ఒకే ఒక్క పాత డిస్కు, అదీ రెండేళ్లకోసారి తెరిచేది.

రాగమాలిక గారూ, 6,000 × 4 నిమిషాలు × నిమిషానికి 2.4 ఎంబీ, అంటే 58 జీబీ దగ్గర ఉంటుంది, ఫ్లాక్‌లు కలిస్తే కాస్త ఎక్కువ. జాగా సమస్య కాదు, కాపలా సమస్య. ముందు మీ ఫైళ్ల జాబితాని ఎగుమతి చేసి, ప్లేలిస్టులు మార్చే సర్వీసుల్లో ఏదో ఒకదానికి ఇవ్వండి. మీ యాప్‌లో ఏవి ఉన్నాయో, ఏవి లేవో చెబుతుంది. లేనివాటిని మాత్రమే ఉంచుకోండి. ఉన్నవాటిని ఉంచుకోవడంలో అర్థం లేదు: యాపిల్, అమెజాన్ 2021లోనే అదనపు రుసుం లేకుండా లాస్‌లెస్ ఇచ్చేశాయి, స్పాటిఫై 2025 సెప్టెంబరు నుంచి చాలా దేశాల్లో ప్రీమియంలో కలిపింది. మీరు దాచుకున్న 320 ఎంపీ3 కంటే చందాలో వచ్చేదే మెరుగు.

బిట్‌రేట్ | 7:34
ఏ మెరుగండీ? వినేవాళ్లలో చాలామంది బ్లూటూత్‌లోనే కదా వినేది. బ్లూటూత్‌లో శబ్దం పంపే పద్ధతుల్లో ఎస్‌బీసీ మామూలుగా 328 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) దగ్గర ఆగిపోతుంది, ఎల్‌డాక్ మహా అయితే 990. సీడీకి కావాల్సింది 1,411. లాస్‌లెస్ అని స్క్రీన్ మీద రాసి ఉన్నా చెవిలో పడేది మళ్లీ కుదించిన శబ్దమే.

పల్లవి_చరణం | 7:36
వైరు పెట్టుకుంటే సరిపోతుంది కదా.

సున్నాశ్రుతి | 7:41
బ్లూటూత్‌లోనే లాస్‌లెస్ పంపే ఆప్ట్‌ఎక్స్ లాస్‌లెస్ మర్చిపోయారు. చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ 2021లో ప్రకటించింది. ఫోన్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ రెండుచోట్లా ఆ చిప్ ఉండాలి.

బిట్‌రేట్ | 7:44
‘రెండుచోట్లా ఉండాలి’ అని మీరే అంటున్నారు. ఎంతమంది దగ్గరుంది? దూరం పెరిగి సిగ్నల్ తగ్గితే అదీ లాసీకి, అంటే కొంత శబ్దం పోయే కుదింపుకి, దిగిపోతుంది.

నీలిమేఘం | 7:50
బ్లూటూత్‌లో మీ ఫ్లాక్ కూడా అలాగే నలుగుతుంది. ఈ వాదన మీకు ఏ వైపు నుంచి పనికొస్తుందో నాకర్థం కావట్లేదు.

శ్రుతిపెట్టె | 8:05
మీరిద్దరూ కేబీపీఎస్‌లు కొలుచుకుంటున్నారు, డబ్బు ఎటు పోతోందో ఎవరూ మాట్లాడరే? మీ చందా మీరు విన్న గాయకుడికి నేరుగా వెళ్లదు. అందరి చందాలూ ఒక కుండలో పడతాయి, మొత్తం ప్లేలలో ఎవరి వాటా ఎంతో దాన్నిబట్టి హక్కుదారులకి పంచుతారు. నెలంతా మీరు ఒక్క చిన్న గాయకుణ్ణే విన్నా, మీ డబ్బులో పెద్ద భాగం మీరెప్పుడూ వినని వాళ్లకే పోతుంది. స్పాటిఫైలో 2024 నుంచి ఇంకో నిబంధన కూడా ఉంది. గత 12 నెలల్లో 1,000 ప్లేలు చేరని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కే వేయరు. సౌండ్‌క్లౌడ్ 2021లో ఎవరి డబ్బు వాళ్లు విన్నవాళ్లకే చేరే పద్ధతి మొదలుపెట్టింది, పెద్ద యాపులు మాత్రం అటు కదల్లేదు.

ఫైలు కొంటే సంగతి వేరు. గాయకులు నేరుగా పాటలమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల్లో మామూలుగా 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు ఖర్చులు పోను మిగతాది పాడినవాళ్లకి. ఫ్లాక్ తాళం లేకుండా వస్తుంది. ఫైలు దాచడం గురించి కాదు, కొనడం గురించి మాట్లాడండి.

నీలిమేఘం | 8:12
రాగమాలిక గారు అడిగింది ఇప్పటికే ఉన్న ఫైళ్ల గురించి. అవి దాచినా తీసేసినా ఎవరికీ రూపాయి రాదు, పోదు.

శ్రుతిపెట్టె | 8:15
రేపు కొనాల్సినవాటి సంగతి కూడా అదే ప్రశ్నలో ఉంది. చందా చాలు అనుకున్నవాళ్లు మళ్లీ కొనరు.

బిట్‌రేట్ | 8:31
కాపలా కష్టమన్నారు కదా, అదేమంత పెద్ద పని కాదు. ఫ్లాక్ ఫైలు లోపలే అసలు ఆడియో తాలూకు ఎండీ5 సంఖ్య (ఆడియో నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంఖ్య) రాసి ఉంటుంది. ఫ్లాక్ ప్రోగ్రాములో పరీక్ష ఆదేశం ఇస్తే ఫైలు మొత్తం విప్పి చదివి, ఆ సంఖ్యతో పోల్చి, ఒక్క బిట్ చెడినా చెబుతుంది. ఎంపీ3లో ఈ ఏర్పాటు లేదు, అందుకని ఫోల్డరు మొత్తానికీ ఒకసారి చెక్‌సమ్ (అలాంటి గుర్తింపు సంఖ్యల) జాబితా చేసి పక్కన పెట్టుకోవాలి. మూడు ప్రతులు: కంప్యూటర్లో ఒకటి, వేరే డిస్కులో ఒకటి, ఇంటి బయట ఎక్కడైనా ఒకటి. ఆ మూడోది క్లౌడ్ కావచ్చు, అభ్యంతరం లేదు. మామూలు ఫైలు నిల్వ క్లౌడ్ వాడండి, మ్యూజిక్ లాకర్ వద్దు. మామూలు నిల్వ మీ ఫైలుని ముట్టుకోదు.

అన్నట్టు, ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చకండి. సైజు పెరుగుతుందే తప్ప పోయిన శబ్దం తిరిగిరాదు.

ఎక్కడున్నా వినాలంటే నావిడ్రోమ్ లాంటి చిన్న పాటల సర్వర్ పెట్టుకుని, ఫోన్‌లో సబ్‌సోనిక్ (అలాంటి సర్వర్‌తో యాప్ మాట్లాడే) పద్ధతి తెలిసిన ఏ యాప్ అయినా వాడొచ్చు. మొబైల్ డేటా మీద ఓపస్ 128 (చిన్న సైజుకి కుదించే రకం)కి మార్చి పంపమంటే సరిపోతుంది. మొదటిసారి పెట్టేవాళ్లు పొరపాటు చేసేది ట్యాగుల దగ్గరే, అంటే ఫైలులో రాసి ఉండే పాట వివరాల దగ్గరే. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ ఖాళీగా ఉంటే, పాటకో గాయకుడున్న ఆల్బమ్ ముక్కలై, ఒకే ఆల్బమ్ పది ఆల్బములుగా కనిపిస్తుంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్‌తో ముందే సరిచేసుకోండి.

నీలిమేఘం | 8:44
చెక్‌సమ్, మూడు ప్రతులు, సర్వర్, ట్యాగులు. ఇదంతా చేశాక పాట వినే ఓపిక ఎవరికి మిగులుతుందండీ? మీరు పాటలు వినట్లేదు, ఫైళ్లు లెక్కపెట్టుకుంటున్నారు.

బిట్‌రేట్ | 8:47
ఆ మాట వెనక్కి తీసుకోండి. మీ పద్ధతిలో ‘ఉంది’ అని జాబితా చెప్పగానే ఫైలు తీసేయమంటున్నారు. ఏది ఉంది? ఎవరి రికార్డింగ్? ఏ సంవత్సరం మాస్టర్ (విడుదలకి చేసిన తుది ప్రతి)? ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూశారా?

సున్నాశ్రుతి | 8:49
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ప్రశ్న బాగుంది, పాడుచేయకండి.

నీలిమేఘం | 8:58
జాబితా పోల్చేటప్పుడు ఐఎస్ఆర్‌సీ చూస్తుంది. ప్రతి రికార్డింగుకీ 12 అక్షరాల సంకేతం అది. గుడ్డిగా పేరు చూసి కలపదు.

బిట్‌రేట్ | 9:10
ఐఎస్ఆర్‌సీ ఫైలులో రాసి ఉంటే కదా! సీడీ నుంచి తీసిన ఫైళ్లలో చాలావాటికి ఆ ట్యాగ్ ఉండనే ఉండదు. అప్పుడు పేరూ గాయకుడూ నిడివీ చూసి కలిపేస్తారు. యాపిల్ మ్యూజిక్ 2015లో మొదలైనప్పుడు ట్యాగులు చూసే కలిపేది. స్టూడియో పాట ఉన్నచోట కచేరీ పాట వచ్చిందని జనం గోల పెడితే 2016లో శబ్దపు వేలిముద్ర చూసి కలిపే పద్ధతికి మారింది.

సంకేతం సరిపోయినా సరిపోకపోయినా, రీమాస్టర్, అంటే పాత రికార్డింగుకి మళ్లీ చేసిన తుది ప్రతి, ఇంకో చిక్కు. రెండు ప్రతులనీ శబ్దాన్ని బొమ్మగా చూపే ఆడాసిటీ ప్రోగ్రాములో ఒకదాని కింద ఒకటి తెరవండి. పాత సీడీది దువ్వెన పళ్లలా ఉంటుంది: డోలు దెబ్బ దగ్గర పైకి లేస్తుంది, పల్లవికీ చరణానికీ మధ్య సన్నబడుతుంది. గట్టిగా నొక్కిన రీమాస్టర్ ఇటుక పేర్చినట్టు మొదట్నుంచి చివరిదాకా ఒకే ఎత్తు. స్పాటిఫై దాన్ని −14 లఫ్స్‌కి (మోత కొలిచే ప్రమాణం) దించి వినిపిస్తుంది, అందువల్ల మోత తగ్గుతుంది. నొక్కేసిన దెబ్బ మాత్రం లేచి రాదు. 24 బిట్ లాస్‌లెస్‌లో ఇచ్చినా అది నొక్కేసిన మాస్టరే.

నీలిమేఘం | 9:19
ఇప్పుడర్థమైంది. మీరు అనేది రికార్డింగ్. నేను అనేది పాట. ఆ గొంతు, ఆ వరస, ఆ మాట వినిపిస్తే నాకు పాట ఉన్నట్టే. ఏ సంవత్సరం మాస్టర్ అన్నది నాకు పట్టదు, పట్టాలని కూడా అనుకోను.

బిట్‌రేట్ | 9:24
నాకు పడుతుంది. ఆ డోలు దెబ్బ లేకపోతే అది వేరే పాట. యాప్ మన తరఫున మార్చేసి, మార్చానని చెప్పకపోవడమే నా బాధ. పాత ప్రతి హక్కుల గడువు అయిపోతే బూడిదరంగులోకి పోతుంది, అంటే ఇక వినిపించదు, దాని బదులు కొత్తది వచ్చి కూర్చుంటుంది. ప్లేలిస్టులో పేరు అదే.

నీలిమేఘం | 9:29
అది మాత్రం ఒప్పుకుంటాను. మార్చినప్పుడు చెప్పాలి. ఫైళ్లు లెక్కపెట్టుకుంటున్నారన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ దానికోసం అందరూ సర్వర్లు పెట్టుకోవాలంటే ఒప్పుకోను.

రాగమాలిక | 10:15
నీలిమేఘం గారూ, మీరు చెప్పినట్టే జాబితా పోల్చి, యాప్‌లో చూపించే నిడివినీ ఫైలు నిడివినీ పక్కన రాసుకుంటున్నా. ఇప్పటికి 200 చూశాను, 14 పాటల్లో రెండు సెకన్లకు మించి తేడా ఉంది. ఒకటి యాప్‌లో 3:42, ఫైలులో 3:58. చివర్లో వీణ ఒక్కటే మోగే భాగం యాప్ ప్రతిలో లేదు, ముందే తగ్గించేశారు. రెండూ ఉంచుకోవాలంటే ఒకే పేరుతో ఎలా?

బిట్‌రేట్ | 10:22
యాప్ ప్రతిని వదిలేయండి, అది ఎప్పుడైనా వినొచ్చు. మీ ఫైలు పేరు చివర కుండలీకరణంలో సీడీ సంవత్సరం రాయండి, ట్యాగ్‌లో కూడా. నిడివి సరిపోయినంత మాత్రాన మిగిలినవి ఒకటేనని అనుకోకండి, ఇష్టమైనవాటిని ఒకసారి ఆడాసిటీలో పోల్చండి.

నీలిమేఘం | 10:25
ఆ 3:58ది క్లౌడ్‌లోకి కూడా ఒకటి ఎక్కించండి. ఈ రాత్రే.