బ్రామ్స్ మూడవ సింఫనీ, మూడవ భాగం: దీని కాలం చౌకమా, మధ్యమమా?

ప్రశ్న: వయొలిన్ విద్యార్థి, సఖినేటిపల్లి

నేను కొన్నేళ్లుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. జర్మన్ స్వరకర్త యోహానెస్ బ్రామ్స్ 1883లో పూర్తి చేసిన మూడవ సింఫనీలోని (సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం భాగాలుగా రాసిన రచన) మూడవ భాగాన్ని ఈమధ్యే మొదటిసారి విన్నాను. నర్సాపురం రేవుకు వెళ్లే పంటు మీద వినడం వల్ల, చెల్లోలు (వయొలిన్ జాతికే చెందిన, మంద్రంగా పలికే పెద్ద వాద్యాలు) ఎత్తుకునే మొదటి పాటలో సగం ఇంజను మోతలోనే కలిసిపోయింది. రాత్రి ఇంట్లో మళ్లీ విన్నప్పుడు రెండు సందేహాలు కలిగాయి. స్వరలిపి పైన ‘పోకో అల్లెగ్రెట్టో’ అని ఉన్నది. అల్లెగ్రెట్టో అంటే ఒక మోస్తరు చురుకైన నడక అని చదివాను గాని, నా చెవికి ఇది చౌకకాలంలో, అంటే నెమ్మది నడకలో, పాడుకునే దుఃఖగీతంలా వినిపించింది. ఇక రెండవది: సి మైనర్‌లో ఉన్నది కనుక దీనిని ఒకటి శ్రుతిలో (సి స్వరమే షడ్జమంగా) కీరవాణి రాగం అనుకోవచ్చునని మా పెదనాన్నగారు అంటున్నారు. అది సరైనదేనా?

సమాధానం: కీబోర్డు నేర్పేవారు, రాజమహేంద్రవరం

మొదటి సందేహానికి నాకు తోచినది చెబుతాను. ఈ సింఫనీకి బ్రామ్స్ మెట్రోనోమ్ అంకె (నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే సంఖ్య) ఏదీ ఇవ్వలేదు. అందువల్ల ఆ రెండు ఇటాలియన్ మాటలను ఎలా అర్థం చేసుకోవాలన్నది సంగీత నిర్దేశకుని విచక్షణకే మిగిలింది. చాలా రికార్డింగులలో ఈ భాగం సుమారు ఆరు నిమిషాలు సాగుతుంది. తాళం 3/8, అంటే ఒక్కొక్క గడిలో మూడు చిన్న దెబ్బలు. మీరు పాటను అనుసరిస్తూ తాళం వేస్తే అది చౌకంగానే తోస్తుంది, ఎందుకంటే చెల్లోల పాటలోని స్వరాలు చాలాచోట్ల ఆగి, సాగి, నిట్టూర్చి ముందుకు వెళతాయి. కాని ఆ పాట కింద మిగిలిన తంత్రీవాద్యాలు సన్నని గొణుగుడులా వాయించే చిన్న స్వరాలను పట్టుకుని తాళం వేసి చూడండి, చేయి చురుకుగా కదలక తప్పదు. పైన పాట నిలకడగా ఉండగా కింద నడక ఆగకపోవడంలోనే ఈ భాగం రుచి ఉన్నదని నా అభిప్రాయం. దుఃఖం ఎక్కువగా పలికించాలన్న ఆశతో కాలాన్ని మరీ దించేసిన రికార్డింగులు నాకు నచ్చవు. చెల్లోలకు బ్రామ్స్ రాసిన సూచన ‘మెజ్జా వోచే’, అంటే సగం గొంతుతో అని. సగం గొంతుతో చెప్పవలసిన మాటను సాగదీస్తే అది గారాబంగా మారుతుంది.

ఆయన మొదటి మూడు సింఫనీలలోనూ, శ్రోతలు స్కెర్జో అనే వేగవంతమైన, చలాకీ భాగం కోసం ఎదురుచూసే చోట, ఇటువంటి మితమైన నడకనే ఉంచారు. నాలుగు సింఫనీల మూడవ భాగాలలో మైనర్‌లో ఉన్నది మాత్రం ఇదొక్కటే.

సమాధానం: వీణ ఉపాధ్యాయిని, అమలాపురం

కీరవాణి అన్న మీ పెదనాన్నగారి చెవిని తప్పుపట్టను, కాని ఆ పేరు సగమే సరిపోతుంది. మైనర్ అన్నది ఒక రాగం కాదు. అందులో షడ్జమం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం స్థిరంగా ఉంటాయి. ధైవత నిషాదాలు సందర్భాన్ని బట్టి మారుతాయి. కాబట్టి ఒకే రచనలో ఒకచోట 20వ మేళమైన (మేళం అంటే ఏడు స్వరాల మూలరాగం) నఠభైరవి, మరొకచోట 21వదైన కీరవాణి, ఇంకొకచోట 23వదైన గౌరీమనోహరి ఛాయలు కనిపించవచ్చును. మనకు అది రాగదోషం, వారికి నిత్యవ్యవహారం. జి మీద నిలిచిన హార్మొనీ (ఒకేసారి పలికే స్వరాల కూర్పు) తిరిగి సి మీదికి చేరవలసినప్పుడు కాకలి నిషాదం, అంటే పై షడ్జమానికి అరస్వరం కిందుండే నిషాదం, కావలసి వస్తుంది, కీరవాణి అనిపించేది ప్రధానంగా అక్కడే.

ఇంతకన్నా ఆసక్తికరమైనది మధ్యభాగం. అక్కడ ఊదే వాద్యాలు ముందుకు వస్తాయి, ఆధారస్వరం ఎ ఫ్లాట్ మేజర్‌కు మారుతుంది. మన లెక్కలో ఒకటి శ్రుతి నుంచి ఐదున్నర శ్రుతికి వెళ్లి శంకరాభరణం ఎత్తుకున్నట్టు. ఇది గ్రహభేదమేనా, అంటే ఉన్న స్వరాలను మార్చకుండా వాటిలో మరొకదానిని షడ్జమంగా చేసుకోవడమేనా అని అడిగితే, కాదంటాను. నఠభైరవిలోని ధైవతాన్ని షడ్జమంగా చేసుకుంటే వచ్చేది మేచకల్యాణి. శంకరాభరణం రావాలంటే పాత చతుశ్రుతి రిషభాన్ని విడిచి శుద్ధ రిషభాన్ని తెచ్చుకోవాలి. ఒక్క స్వరం మార్పుతో బరువు ఎలా తగ్గుతుందో గమనించండి. దీనికి ముందున్న రెండవ భాగం సి మేజర్‌లో ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి: షడ్జమం అదే, గాంధారం తగ్గింది.

సమాధానం: చర్చిలో ఆర్గన్ వాయించేవారు, భీమవరం

ఒక్క మాట కలుపుతాను. ఈ భాగంలో ట్రంపెట్లు, ట్రాంబోన్లు, టింపనీలు లేవు. పాట మొదటిసారి చెల్లోలలో, తరువాత వయొలిన్లలో వస్తుంది; మధ్యభాగం ముగిశాక మాత్రం ముందుగా ఒంటరి హార్న్ (ఊదే ఇత్తడి వాద్యం), ఆ పైన ఓబో (ఊదే కొయ్య వాద్యం) దానిని అందుకుంటాయి. స్వరాలు అవే, కాలమూ అదే. అయినా హార్న్ పలికినప్పుడు ఆ పాట దూరం నుంచి వినవస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి భావమంతా కాలప్రమాణంలోనో మైనర్‌లోనో ఉన్నదనడం నాకు సమ్మతం కాదు, వాద్యం ఎంపికకు కూడా అందులో వాటా ఉన్నది.

ప్రశ్న అడిగినవారు: సఖినేటిపల్లి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి శ్రుతిపెట్టెను ఒకటి శ్రుతిలో పెట్టి మొత్తం మళ్లీ విన్నాను. మొదటి పాటకు చక్కగా కలిసింది. మధ్యభాగం రాగానే పెట్టెలోని పంచమం కొత్త షడ్జమానికి సరిగ్గా అరస్వరం కింద పడి చెవిలో గుచ్చుకున్నది, ఆపేయవలసి వచ్చింది. హార్న్ పాట ఎత్తుకోగానే తిరిగి మీట నొక్కాను, కలిసిపోయింది. తాళం మాత్రం ఈసారి కింది స్వరాలకే వేశాను, పాటకు వేయలేదు.