తుఫానుకి అపార్ట్‌మెంట్‌లో ముందుగా ఏం చూసుకోవాలి?

కొత్తగా వచ్చినవాడు: జూన్‌లో హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వచ్చాం. ఎం.వి.పి. కాలనీలో నాలుగో అంతస్తు. బాల్కనీలోంచి సముద్రం కనబడుతోందని మురిసిపోయి తీసుకున్నాం. అక్టోబరు దగ్గరపడే కొద్దీ మా ఓనరుగారు రోజూ 2014 నాటి హుద్‌హుద్ తుఫాను కథలు చెప్పి బెదరగొడుతున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప, అత్తగారు. ఇన్వర్టర్ ఉంది. ఇంకేం కొనాలి?

పెదవాల్తేరు పాతకాపు: కొనడం సంగతి తర్వాతండీ, ముందు మీ సంపు ఎక్కడుందో చూసుకోండి.

2014లో మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీని నేనే. అక్టోబరు 12, ఆదివారం. ముందురోజే పాలు, కొవ్వొత్తులు, బ్రెడ్డు అన్నీ తెచ్చేసుకున్నాం. మోటారు వేసి పై ట్యాంకు నింపుదామన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు, నాతో సహా. కరెంటు పోయింది. సంపు నిండా నీళ్లు, పైకి ఎక్కించే దారి లేదు. మాకు కరెంటు వచ్చింది తొమ్మిదో రోజున. అప్పటిదాకా తాడు కట్టిన బకెట్‌తో తోడి, మెట్ల మీద మలుపుకొకరం నిలబడి చేతులు మార్చుకుంటూ అందించుకున్నాం. ఐదో అంతస్తు మామ్మగారు బిందె నిండాక, "నాయనా, తులసికి కూడా ఒక చెంబు" అన్నారు. ఆ పూట ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో!

ఇంకోటి. మధ్యలో గాలి ఆగిపోతే కిందకి దిగకండి. ఆ రోజు గంటకు 180 కిలోమీటర్ల గాలి కాస్తా ఠక్కున ఆగింది. తుఫాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, మా నెత్తి మీద ఉందని తెలీక, కారు మీద పడ్డ తురాయి కొమ్మ లాగుతూ కూర్చున్నా. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి నైరుతి నుంచి. పొద్దున్న ఈశాన్యపు గాలికి చెక్కుచెదరని మా వంటింటి కిటికీ అద్దం అప్పుడు పోయింది. మర్నాడు చూస్తే కైలాసగిరి మీద పచ్చ అన్నది లేదు, మంటలో కాల్చినట్టు గోధుమరంగు.

కంచరపాలెం అక్క: చేతిలో నోట్లుంచుకో బాబూ, పది, ఇరవై, యాభై. సిగ్నల్ లేకపోతే ఫోన్లో డబ్బులుండి ఏటి లాభం? పాపకి పాలపొడి, మీ అత్తగారి మందులు పదిహేను రోజులకి తెచ్చి పెట్టుకో.

కొత్తగా వచ్చినవాడు: ఇప్పుడు కరెంటు తీగలన్నీ భూమిలోంచే వేశారంటున్నారు కదా?

పెదవాల్తేరు పాతకాపు: అన్నీ కాదు. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో కొన్ని ప్రాంతాల్లో దించారు. మీ వీధిలో ఒకసారి తలెత్తి చూడండి, తెలిసిపోతుంది. అయినా నేను మాత్రం తుఫాను కబురు వినగానే మోటారు వేయిస్తా.

కొత్తగా వచ్చినవాడు: ఇప్పుడే కిందికెళ్లి చూశా. సంపు మూత మీద దుమ్ముకొట్టుకుపోయిన కారొకటి పెట్టి ఉంది, నాలుగు టైర్లలోనూ గాలి లేదు. ఎవరిదని వాచ్‌మన్‌ని అడిగితే, మా ఓనరుగారిదేనట.