దాహిరా: ఎంచుకున్న కుటుంబమా, చందాల సంఘమా?

బాటసారి:
సెనెగల్‌లోని సూఫీ శాఖవాళ్లు మురీద్‌లు ఇటలీ వెళ్లినా న్యూయార్క్ వెళ్లినా అక్కడి ‘దాహిరా’ అనే తమ సంఘంలో చేరతారు. వారంవారం కలిసి తమ శాఖ స్థాపకుడు అహ్మదు బాంబా (1853–1927) పద్యాలు పాడతారు, చందా వేస్తారు. సూఫీల షరతుల్లేని ప్రేమకు, రక్తసంబంధం లేని కుటుంబానికి దీన్నే ఉదాహరణగా చూపిస్తుంటారు. చందా ఉన్నాక షరతు లేనట్టెలా?

పెన్నాతీరం:
నరకభయం, స్వర్గాశ లేని ప్రేమ అని బస్రా సూఫీ సాధ్వి రాబియా పేరుతో చెప్పుకునేది దేవుడి మీది ప్రేమ. దాన్ని సంఘం లెక్కల పుస్తకంతో కొలవడం దేనికండీ? మురీద్‌కు మొదటి మెట్టు ‘న్జెబ్బెల్’, గురువుకు తనను అప్పగించుకోవడం. మన దర్గాల్లో బైఅత్ లాంటిదే. అతను ఎంచుకున్నది గురువును. అన్నదమ్ములు ఆ వెనకే వచ్చారు.

మల్లెపల్లి:
చందా ఎక్కడికి పోతుందో కూడా చూడండి. సభ్యుడు చనిపోతే శవాన్ని సెనెగల్‌లో బాంబా సమాధి ఉన్న పుణ్యక్షేత్రం టూబాకు పంపాలి. మరణ ధ్రువపత్రం, కాన్సులేట్ అనుమతి, జింకు పొర వేసి సీలు చేసిన పెట్టె, విమానం కార్గో, డాకర్‌లో దిగాక దాదాపు 200 కిలోమీటర్ల రోడ్డు. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే ఖర్చు కాదు. కాగితాల్లేక వేరొకరి పేరుతో పనిచేసినవాడైతే అతనెవరో రుజువయ్యేదాకా పని కదలదు. గల్ఫ్ నుంచి శవం కోసం ఎదురుచూసిన కరీంనగర్, జగిత్యాల ఇళ్లకు ఈ తంటా తెలుసు. అక్కడ ఇతను మావాడే అని పూచీపడేది దాహిరానే.

నల్లరేగడి:
ఆ డబ్బులోంచే గురువులకు ‘అద్దియా’ కానుకలూ వెళ్తాయి కదా! షేక్ పర్యటనకు వస్తే బస, భోజనం, కానుక. ఖజానా ఒక్కటే అయితే ఖాళీ. ఆ వారమే ఎవరైనా పోతే మళ్లీ ఫోన్లు, వసూళ్లు. ఖాతాలు రెండుండాలి, సంతకాలు ఇద్దరివి కావాలి. ఇంకోటి, వంట ఆడవాళ్లకు, పెత్తనం మగవాళ్లకు. బాంబా తల్లి మామ్ జారా బుసో పేరిట ఆడవాళ్లు వేరే దాహిరాలు పెట్టుకున్నది ఊరికేనా?

పెన్నాతీరం:
పూర్తిగా అందుకే అనలేం. ఆమె సమాధి ఉన్న పొరొఖాన్ యాత్రకు కూడబెట్టుకోవడమూ ఉంది. ఖాతాల మాట ఒప్పుకుంటా. కానీ టూబాలో వలసదారుల చందాలతో ఆస్పత్రి లేచింది. అది గురువు ఊరికి కానుకా, జనానికి సాయమా? గీత గీయడం అంత తేలిక కాదు.

బాటసారి:
సరే, నన్ను ఇటలీలోనే పాతిపెట్టండి అన్నవాడికి ఆ సొమ్ము వస్తుందా?

మల్లెపల్లి:
చేరేటప్పుడే నియమాల్లో రాయించుకోవాలి. లేకపోతే శవాన్ని పక్కన పెట్టుకుని తగువు.