112కు నిధులు ఎక్కడి నుంచి రావాలి? ఫోన్ బిల్లుపై సెస్సు వేయవచ్చా?

పాత ఎక్స్ఛేంజ్:
పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సేవలన్నిటికీ 112 అనే ఒకే నంబరు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో సిఫారసు చేసింది. 2019 ఫిబ్రవరిలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ వ్యవస్థలో చేరాయి. దేశమంతటా దీన్ని నెలకొల్పడానికి నిర్భయ నిధి నుంచి సుమారు 321 కోట్ల రూపాయలు కేటాయించారు. అయితే నెలకొల్పడానికి ఒకసారి ఇచ్చిన సొమ్ముతో ఇరవై నాలుగు గంటలూ పనిచేసే వ్యవస్థ ఏళ్ల తరబడి నిలబడదు. దేశంలో మొబైల్ కనెక్షన్లు వంద కోట్లు దాటాయి కాబట్టి, ఒక్కోదానిపై నెలకు ఒక రూపాయి సెస్సు, అంటే ఈ పనికే ఉద్దేశించిన అదనపు పన్ను, వేసినా ఏటా పన్నెండు వందల కోట్లకు పైగా సమకూరుతుంది. ఆ సెస్సు వేయాలన్నదే నా ప్రతిపాదన.

ఆ డబ్బు దేనికో ఒక ఉదాహరణతో చెబుతాను. రాత్రివేళ హైవేపై ప్రమాదం జరిగి, ఆ దారిన పోతున్న పరాయి రాష్ట్రపు లారీ డ్రైవరు ఫోన్ చేశాడనుకుందాం. ఆ చోటు ఏ మండలంలో ఉందో అతనికి తెలియదు. టవర్‌ను బట్టి అంచనా వేద్దామంటే ఊళ్ల వైపు ఒక్కో టవర్ పరిధి కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. బ్రిటన్‌లో 2014లో మొదలైన ఏఎంఎల్ (అడ్వాన్స్‌డ్ మొబైల్ లొకేషన్) పద్ధతిలో, ఎమర్జెన్సీ నంబరు నొక్కగానే ఫోనే జీపీఎస్, వైఫైల ఆధారంగా తానున్న చోటును లెక్కగట్టి, ఎవరూ అడగకుండానే కంట్రోల్ రూమ్‌కు పంపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2016 నుంచి, ఐఫోన్లలో 2018 నుంచి ఈ సదుపాయం ఉంది. దాన్ని అందుకునే ఏర్పాటు దేశంలోని ప్రతి కంట్రోల్ రూమ్‌లోనూ ఉండాలి, దాన్ని నడిపే మనుషులకు శిక్షణ ఉండాలి. ఇవి ఏటా ఖర్చయ్యే పద్దులు.

ఎడిసన్ తెలుగు:
మీ ఉద్దేశం మంచిదే అయినా, మేము న్యూజెర్సీలో అనుభవిస్తున్నది మీ ముందుంచడం అవసరమనిపించింది. ఇక్కడ ప్రతి ఫోన్ లైనుకూ నెలకు 90 సెంట్ల చొప్పున 911 (అమెరికాలో ఎమర్జెన్సీ నంబరు) రుసుము 2004 నుంచి వసూలు చేస్తున్నారు. అందులో అధిక భాగం 911 కాల్ సెంటర్లకు కాకుండా రాష్ట్ర ప్రభుత్వపు ఇతర ఖర్చులకు పోతోంది. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కాంగ్రెస్‌కు ఏటా సమర్పించే నివేదికల్లో, ఇలా నిధులు మళ్లించే రాష్ట్రాల వరుసలో న్యూజెర్సీ, న్యూయార్క్‌ల పేర్లు పదే పదే కనిపిస్తాయి. కాల్ సెంటర్లు నడిపే కౌంటీలూ పట్టణాలూ ఆ భారాన్ని ఆస్తి పన్నులోంచి మోస్తున్నాయి. అంటే ఒకే సేవకు మేము రెండుసార్లు చెల్లిస్తున్నాము. ఫొటోలు, వీడియోలు కూడా స్వీకరించగల కొత్త తరం 911కు మారడానికి డబ్బు చాలడం లేదని చెప్పేదీ ఈ రాష్ట్ర ప్రభుత్వాలే. బిల్లుపై 911 పేరు రాసి వసూలు చేసిన డబ్బును మరోచోట వాడుకోవడం నా దృష్టిలో నమ్మకద్రోహం. తాళం లేని పెట్టెలో డబ్బు వేయమని మీరు జనాన్ని అడగకండి.

జమాఖర్చు:
ఎడిసన్ గారు చెప్పినదానికి మన దేశంలోనే రుజువు ఉంది. 2018-19లో సెస్సులు, ఇతర లెవీల రూపంలో కేంద్రానికి వచ్చిన సుమారు 2.75 లక్షల కోట్లలో దాదాపు 1.64 లక్షల కోట్లే వాటికై ఉద్దేశించిన నిధులకు చేరాయని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఎత్తిచూపింది. పైగా సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు. పోలీసు, ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోనివి. కాబట్టి వసూలు ఢిల్లీది, ఖర్చు అమరావతిది, హైదరాబాదుది అవుతుంది.

కొత్త సెస్సు అవసరమే లేదని నా అభిప్రాయం. టెలికాం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని ఇప్పటికే యూఎస్‌ఓ (అందరికీ టెలికాం సేవ అందించే బాధ్యత) నిధికి కడుతున్నాయి. 2023 టెలికాం చట్టం తర్వాత దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. గ్రామాలకు ఫోను చేర్చడానికి పుట్టిన ఆ నిధిలో ఏళ్ల తరబడి పెద్ద మొత్తం ఖర్చు కాకుండా మిగిలిపోయింది. ఆపదలో చేసిన కాల్ సరైన చోటికి చేరడం కూడా గ్రామీణ టెలికాం సేవలో భాగమే కదా?

మన్యం ఈఎంటీ:
నేను 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే రోగికి అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్‌గా, ఏజెన్సీ ప్రాంతంలో పనిచేస్తున్నాను. లొకేషన్ గురించి ఇంత శ్రద్ధగా రాసినందుకు పాత ఎక్స్ఛేంజ్ గారికి కృతజ్ఞతలు, కానీ మా వైపు సమస్య అంతకు ముందే మొదలవుతుంది. కొండమీది ఊళ్లో గర్భిణికి నొప్పులు వస్తే, ఇంటివాళ్లు సిగ్నల్ దొరికే గుట్ట దాకా నడిచి వెళ్లి ఫోన్ చేస్తారు. ఫోన్ పంపే లొకేషన్ ఆ గుట్టదే, ఆమెది కాదు. అందుకే కాల్ తీసుకునేవారు మండలం, పంచాయతీ, ఊరు అడిగి, బండి ఎంతవరకు వస్తుంది, అక్కడి నుంచి డోలీ ఎన్ని గంటలు అని కూడా అడగాలి. ఆ చివరి రెండు ప్రశ్నలు అడగడం మా ప్రాంతం తెలిసిన మనిషికే తోస్తుంది. బైకు అంబులెన్సులు వచ్చాక కొన్ని చోట్ల డోలీ మోయడం తగ్గింది, అన్నిచోట్లా కాదు.

ఇక డబ్బు విషయం. సాఫ్ట్‌వేర్‌కు ప్రారంభోత్సవం ఉంటుంది కనుక దానికి నిధులు దొరుకుతాయి. టైర్లు మార్చడానికి, ఆక్సిజన్ సిలిండర్ నింపడానికి, పైలట్‌కు (బండి డ్రైవరుకు) ఒకటో తారీఖున జీతం ఇవ్వడానికి మాత్రం ప్రతిసారీ బకాయిల మాటే వింటాము. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైనప్పుడు నిర్వహణ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజుగారు స్థాపించిన సంస్థ చేతిలో ఉండేది. 2009 జనవరిలో సత్యం కుప్పకూలినప్పుడు అంబులెన్సులు ఆగిపోతాయేమోనని రాష్ట్రమంతా భయపడింది. జీవీకే అనే వ్యాపార సంస్థ ముందుకు వచ్చింది, బండ్లు ఆగలేదు. కానీ ఒక ప్రాణరక్షణ సేవ ఎవరో ఒకరు ముందుకు రావడం మీద ఆధారపడకూడదు.

పాత ఎక్స్ఛేంజ్:
జమాఖర్చు గారి సూచన టవర్లకు, లొకేషన్ ఏర్పాట్లకు సరిపోతుంది, అంతవరకు ఆ నిధినే వాడమందాము. అయితే డిజిటల్ భారత్ నిధి టెలికాం కోసం ఉద్దేశించినది. అందులోంచి డీజిల్‌కు, జీతాలకు డబ్బు తీయలేరు. ఈఎంటీ గారు చెప్పిన పద్దులకు మీ సమాధానం ఏమిటి? న్యూజెర్సీలో మళ్లింపు జరిగిందంటే ఆ డబ్బు మరెటూ వెళ్లకుండా చట్టంలో కట్టుదిట్టం లేకపోవడం వల్లనే అని నేను అనుకుంటున్నాను. రాష్ట్ర శాసనసభే చట్టం చేసి, విడి ఖాతా పెట్టి, ఏటా ఆడిట్‌ను సభ ముందుంచాలని షరతు విధిస్తే మీకు అభ్యంతరమా?

జమాఖర్చు:
జీతాలూ డీజిలూ రాష్ట్ర బడ్జెట్‌లోనే ఉండాలి. ఆరోగ్యశ్రీకి, రేషన్‌కు దొరికే డబ్బు అంబులెన్సుకు దొరకదంటే అది ప్రభుత్వం ఎంచుకున్న ప్రాధాన్యమే. సెస్సు వేసిన మరుసటి ఏడాదే, నిధి ఉంది కదా అని బడ్జెట్ కేటాయింపు తగ్గిస్తారు. మొత్తం పెరగదు, రీఛార్జి చేసుకునే కూలీమీద భారం మాత్రం పెరుగుతుంది. విడి ఖాతా ఈ తగ్గింపును ఆపలేదు.

ఎడిసన్ తెలుగు:
ఇక్కడ కూడా అచ్చంగా అదే జరుగుతుంది. కాబట్టి చట్టంలో ఖాతాతో పాటు, బడ్జెట్ కేటాయింపు గత ఏడాది కంటే తగ్గరాదన్న నిబంధన కూడా రాయించండి.

మన్యం ఈఎంటీ:
సెస్సైనా, నిధి అయినా, బడ్జెట్ అయినా నాకు సమ్మతమే. మీరు ముసాయిదా రాస్తే రెండు విషయాలు చేర్చమని కోరుతున్నాను. నిర్వహణ సంస్థకు బిల్లు చెల్లించడం ఆలస్యమైనా సిబ్బంది జీతం ఆగకుండా మూడు నెలల మొత్తం ముందే డిపాజిట్ చేయాలి. కాల్ వచ్చిన నిమిషం నుంచి బండి చేరిన నిమిషం వరకు పట్టిన సమయాన్ని మండలాలవారీగా ప్రతి నెలా ప్రకటించాలి. జిల్లా సగటు ఒక్కటే చెబితే మా కొండ ఊళ్లు అందులో కలిసిపోయి కనిపించకుండా పోతాయి.