షెల్ షాక్‌ను తెలుగులో ఏమనాలి?

మొదటి ప్రపంచ యుద్ధం మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. షెల్స్, అంటే ఫిరంగి గుండ్లు, పేలే యుద్ధంలో సైనికుల ఒళ్లు, మనసు చెదిరిపోవడాన్ని చెప్పే ‘షెల్ షాక్’ దగ్గర కలం ఆగింది. ‘యుద్ధభీతి’ సరిపోతుందా? ‘పిరికితనం’ అంటే మరీ మోటుగా ఉంటుందేమో.

*

దయచేసి ఆ రెండూ వద్దండి. మోటుదనం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. కానీ ఆ ముద్ర పడి మనుషుల ప్రాణాలే పోయాయి. హ్యారీ ఫార్ అనే బ్రిటిష్ సైనికుడు 1915లో షెల్ షాక్‌తో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. చేతులు ఎంతగా వణికేవంటే, ఇంటికి ఉత్తరాలు నర్సు రాసిపెట్టవలసి వచ్చేది. అతన్ని మళ్లీ యుద్ధానికే పంపారు. 1916లో ఇక ముందుకు వెళ్లలేనన్నాడు. పిరికితనం చూపాడని సైనిక న్యాయస్థానం తేల్చింది, అక్టోబరులో కాల్చి చంపారు. ఇలాంటి నేరాల కింద మరణశిక్షకు గురైన 306 మందికి బ్రిటన్ క్షమాభిక్ష ఇచ్చింది 2006లో! వారిలో ఫార్ ఒకడు. తొంభై ఏళ్ల పాటు ఆ ఇంటివాళ్లు ఈ మాటను మోశారు.

నేనైతే ‘జడుపు’ అంటాను. పసిపిల్లకు జడుపు జ్వరం వస్తే పిరికిదని ఎవరూ తిట్టరు. జడుపు ఒంటికి వచ్చే బాధ. పిరికితనం మనిషికి అంటగట్టే గుణం.

*

జడుపు మంచి మాటే. అయితే అది ఒక్క క్షణంలో పుట్టేది: పిడుగు పడింది, పిల్ల జడుసుకుంది. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో వివరించిన ముగ్గురు సైనికుల సంగతి అలాంటిదే. దగ్గరలో షెల్ పేలాక చూపు తగ్గింది, వాసన, రుచి తెలియలేదు, జ్ఞాపకం చెదిరింది. కానీ తర్వాత తర్వాత, షెల్ దరిదాపుల్లో లేనివారిలో కూడా ఇవే లక్షణాలు కనిపించాయి. అప్పుడు సైన్యం లెక్కలు వేయడం మొదలుపెట్టింది. శత్రువు షెల్ వల్ల వస్తే ‘గాయం’, కాకపోతే ‘జబ్బు’. గాయమైతే గౌరవసూచకంగా చొక్కా చేతికి పట్టీ, పింఛనుకు అర్హత. జబ్బయితే ఆ గౌరవం లేదు. కందకంలో వారాల తరబడి నలిగి కూలిపోయినవాణ్ణి ‘జడుపు’ అనే మాట పట్టుకోలేదు.

*

అలాగైతే కథనంలో ‘షెల్ షాక్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘యుద్ధంలో తగిలిన మనోఘాతం’ అని విప్పి చెప్పవచ్చు. సైనికుడో, అతని తల్లో మాట్లాడే చోట ‘జడుపు’ రాయండి, వాళ్ల నోట అది సహజంగా ఉంటుంది. ‘పిరికితనం’ తీర్పు చెప్పినవారి నోటనే రావాలి. 1943లో ఇటలీలోని సిసిలీలో అమెరికా జనరల్ ప్యాటన్ ఆసుపత్రుల్లో ఇద్దరు సైనికులను పిరికివాళ్లని తిట్టి చేయి చేసుకున్నాడు. ఒకడికి అప్పటికే మలేరియా. మీ వ్యాసం రెండో యుద్ధం దాకా వెళ్తే ఇంకో మాట కూడా కావాలి: అదే ఏడాది జనరల్ బ్రాడ్లీ తన దళాల్లో ఇలాంటివారికి ‘ఎగ్జాస్చన్’ అని రాయమన్నాడు. దానికి మన ‘అలసట’ చాలు.