యే ధమ్మా హేతుప్పభవా: ఇక్కడ ధర్మం అంటే ఏంటండీ?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. ఈమధ్య ఒక మ్యూజియంలో బుద్ధుడి రాతి విగ్రహం చూశాను. పీఠం అంచున సన్నటి అక్షరాలు రెండు వరసల్లో చెక్కి ఉన్నాయి. పక్కన బోర్డు మీద శ్లోకం ఇచ్చారు గానీ అర్థం ఇవ్వలేదు.

యే ధర్మా హేతుప్రభవా హేతుం తేషాం తథాగతో హ్యవదత్
తేషాం చ యో నిరోధ ఏవం వాదీ మహాశ్రమణః

ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నదాన్ని, పదాలన్నీ తెలిసినట్టే ఉన్నాయి, కలిపితే మాత్రం తిరకాసుగా ఉంది. "ఏ ధర్మాలు హేతువు వల్ల పుట్టాయో వాటి హేతువును తథాగతుడు చెప్పాడు, వాటి నిరోధాన్ని కూడా చెప్పాడు." ధర్మం ఒక కారణం వల్ల పుట్టడమేంటి? దాన్ని నిరోధించడమేంటి? బుద్ధుడు ధర్మాన్ని ఆపెయ్యమన్నాడా?

పాతపుస్తకాల పిచ్చి:
మంచి చోట ఆగారు. మనకు బౌద్ధంతో వచ్చిన చిక్కే ఇది. ధర్మం, కర్మ, నిరోధం, సంస్కారం, శూన్యం అన్నీ ఇంట్లో వాడుకునే మాటలే, అందుకని అర్థం తెలిసిపోయిందనుకుని ముందుకెళ్లిపోతాం. ఈ మాటలు అసలు తెలియనివాడైతే కనీసం ఇదేంటని అడుగుతాడు.

ఈ గాథలో ధర్మాలంటే న్యాయం, పుణ్యం, కులధర్మం, "ధర్మం చెయ్యి బాబూ" ఇవేవీ కావు. బౌద్ధుల దగ్గర ఈ మాట ఇలా బహువచనంలో వస్తే చాలాసార్లు మన అనుభవంలోకి వచ్చే సంగతులని అర్థం. ఒక నొప్పి, ఒక కోపం, ఒక చప్పుడు, ఒక జ్ఞాపకం, ఒక్కొక్కటీ ఒక ధర్మమే. మనం "వస్తుధర్మం", "గుణధర్మాలు", "కాల్చడం నిప్పుకు ధర్మం" అంటామే, ఆ వాడుక దీనికి కాస్త దగ్గర. "హేతుప్రభవాః" బహువ్రీహి, హేతువు నుంచి పుట్టుక గలవి అని. ఇప్పుడు ధర్మాలు అన్నచోట సంగతులు అని పెట్టుకుని మళ్లీ చదవండి, తిరకాసు చాలావరకు పోతుంది. కారణం ఉండి పుట్టిన సంగతులకు కారణం ఏంటో చెప్పాడు, అవి ఎలా ఆగుతాయో కూడా చెప్పాడు, మహాశ్రమణుడు, అంటే బుద్ధుడు, చెప్పేది ఇదీ, అంతే.

ఇది పుట్టిన సందర్భం తెలిస్తే ఇంకా బాగుంటుంది. పాలి వినయపిటకంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో, మహావగ్గ అనే భాగంలో ఉంది. రాజగృహంలో ఉపతిస్సుడు, కోలితుడు అని ఇద్దరు స్నేహితులు సంజయుడనే పరివ్రాజకుడి దగ్గర శిష్యులు. మనలో ఎవరికి ముందు అమృతం, అంటే చావులేని స్థితి, దొరికితే వాళ్లు రెండోవాళ్లకు చెప్పాలని ఒప్పందం. ఒకరోజు ఉపతిస్సుడు అస్సజి అనే భిక్షువు భిక్షకు తిరగడం చూశాడు. ఈ అస్సజి సారనాథ్‌లో బుద్ధుడి మొదటి ఉపదేశం విన్న అయిదుగురిలో ఒకడు. ఆయన నడక, చూపు చూసి ఈయనకేదో తెలుసు అనుకున్నాడు ఉపతిస్సుడు, కానీ భిక్ష వేళ అడగడం మర్యాద కాదని వెనకాలే వెళ్లి, పని అయ్యాక మీ గురువెవరు, ఏం చెబుతాడు అని అడిగాడు. నేను కొత్తవాణ్ని, విస్తరించి చెప్పలేను, సంక్షేపంగా అయితే చెబుతానన్నాడు అస్సజి. దానికి ఉపతిస్సుడి జవాబు మన భాషా గ్రూపు గోడ మీద రాసి పెట్టుకోవాల్సింది:

అప్పం వా బహుం వా భాసస్సు, అత్థంయేవ మే బ్రూహి
అత్థేనేవ మే అత్థో, కిం కాహసి బ్యంజనం బహుం

కొంచెమైనా సరే, ఎక్కువైనా సరే, నాకు అర్థమే చెప్పు, అర్థంతోనే నాకు పని, బోలెడు మాటలు ఏం చేసుకోను అని. అత్థం అంటే అర్థమూ అవుతుంది, అక్కరా అవుతుంది. అప్పుడు అస్సజి చెప్పిందే ఈ గాథ. మీరు చూసింది సంస్కృత పాఠం, పాలిలో ఇలా ఉంటుంది:

యే ధమ్మా హేతుప్పభవా తేసం హేతుం తథాగతో ఆహ
తేసం చ యో నిరోధో ఏవంవాదీ మహాసమణో

విన్నవెంటనే ఉపతిస్సుడికి తట్టిందట, "యం కించి సముదయధమ్మం సబ్బం తం నిరోధధమ్మం", పుట్టే స్వభావం ఉన్నదేదైనా ఆగే స్వభావం ఉన్నదే అని. చూడండి, ఇక్కడ అదే ధమ్మ అన్న మాట సమాసం చివర చేరి స్వభావం అన్న అర్థం ఇచ్చింది. ఆ ఉపతిస్సుడే తర్వాత సారిపుత్తుడు, కోలితుడు మొగ్గల్లానుడు, బుద్ధుడి ఇద్దరు ముఖ్య శిష్యులు. పెద్దవాడయ్యాక కూడా సారిపుత్తుడు అస్సజి ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకి దండం పెట్టి అటే తల పెట్టుకుని పడుకునేవాడని అట్ఠకథల్లో, అంటే పాలి వ్యాఖ్యానాల్లో, చెబుతారు.

గోలీసోడా:
నిరోధం అనగానే మా తరానికి గవర్నమెంటు వారి నిరోధ్ కండోమ్ ప్యాకెట్టే గుర్తొస్తుంది సార్, ఏం చెయ్యమంటారు 😄

పాతపుస్తకాల పిచ్చి:
నవ్వుకోండి గానీ ఆ పేరు పెట్టినాయన సంస్కృతం బాగానే చదివాడు, రాకుండా అడ్డుకునేది అని. మనకు తెలుగులో నిరోధించడమంటే ఎవరో ఎదురెళ్లి బలవంతంగా ఆపడం, పోలీసు లాఠీ పట్టుకుని నిలబడ్డట్టు. ఈ గాథలో ఆపేవాడెవడూ లేడు. కారణం లేకపోతే ఫలితం దానంతటదే ఉండదు, అదే నిరోధం. సూత్రాల్లో ఇదే విషయం పల్లవిలా మళ్లీ మళ్లీ వస్తుంది: "ఇమస్మిం సతి ఇదం హోతి, ఇమస్మిం అసతి ఇదం న హోతి." ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు.

పాత వ్యాఖ్యానాలు ఈ గాథలో నాలుగు ఆర్యసత్యాల్నీ ఇలా చూపిస్తాయి. హేతువు వల్ల పుట్టినవి అంటే అయిదు స్కంధాలు, మనిషి అనుభవాన్ని విడదీసిన అయిదు పోగులు: శరీరం, వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక), అది దుఃఖసత్యం. వాటి హేతువు తృష్ణ. ఆగడం మూడోది. నాలుగోదైన అష్టాంగమార్గం మాత్రం మాటల్లో లేదు, ఆగుతుంది అన్నాక ఆగే దారి ఉందనే కదా, ఊహించుకోమన్నారు. నాకు ఇందులో నచ్చేది, నాలుగింటితోనూ చెయ్యాల్సిన పని వేరువేరుగా చెప్పడం. దుఃఖాన్ని తెలుసుకోవాలి, తృష్ణను వదలాలి, నిరోధాన్ని కళ్లారా చూడాలి, మార్గాన్ని అభ్యసించాలి. "దుఃఖాన్ని వదిలెయ్యి" అని లేదు. మనం చేసేది సరిగ్గా తలకిందులు, దుఃఖాన్ని విదిలించుకోవాలని చూస్తూ తృష్ణ గురించి పుస్తకాలు చదువుతాం.

బడిపంతులు:
ఛందస్సు సంగతి కూడా చూద్దాం. ఇది ఆర్య అనే మాత్రల ఛందస్సు. మొదటి సగం 30 మాత్రలు, రెండో సగం 27 రావాలి. పాలిలో తేసం చ యో నిరోధో... లెక్కపెడితే 27 చక్కగా వచ్చాయి, సంస్కృతంలో 'నిరోధ' అని హ్రస్వం కాబట్టి 26. మొదటి సగం మాత్రం సంస్కృతంలో 32 వస్తోంది. పాలి పాఠం వేసి చూసినా అంతే. ఎక్కడ పోయింది తేడా?

పాతపుస్తకాల పిచ్చి:
నాకూ 32 వచ్చాయి మాస్టారూ. గణాలకు లొంగదు అది. కానీ వందల ఏళ్లు దీన్ని మట్టిబిళ్లల మీద, ఇటుకల మీద, విగ్రహాల పీఠాల మీద అచ్చుగుద్దినట్టు రాసుకుంటూ పోయారంటే వాళ్లకు మాత్రలతో పనిలేదనే కదా. నలందాలో దొరికిన మట్టిముద్రల మీద ఉంది, బోధగయలో ఉంది, సముద్రం దాటి జావా దాకా, థాయ్‌లాండ్ దాకా వెళ్లింది.

ఎందుకంత మోజు అంటే, స్తూపంలో పెట్టడానికి. 7వ శతాబ్దంలో మన దేశం వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు, స్తూపంలో రెండు రకాల ధాతువులు, అంటే పూజించే అవశేషాలు, పెడతారు, ఒకటి బుద్ధుడి శరీరధాతువు, రెండోది ఈ ప్రతీత్యసముత్పాద (కారణాన్ని బట్టి పుట్టడం) గాథ అని. అంటే ఎముకముక్క పెట్టినా ఒకటే, ఈ రెండు వరసల గాథ పెట్టినా ఒకటే. మన భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీది రాతలో "మజుసం", "ఫాళిగ షముగం", "బుధసరిరానం నిఖేతు" అని ఉంది, బుద్ధశరీరాలు నిక్షేపించడానికి మంజూష, స్ఫటికపు భరిణె అని. శరీరానికి బహువచనమేంటని కంగారు పడకండి, ధాతువులు అని అర్థం. భట్టిప్రోలు నాటికి పెట్టింది అస్థికలు, తర్వాత్తర్వాత ఆ చోట్లోకి ఈ గాథ వచ్చింది. మాటకు దేహంతో సమానంగా పీట వేశారు, భాషా గ్రూపులో ఉన్నవాళ్లం ఇంతకంటే ఏం కావాలి.

సూటిమాట:
మొత్తానికి బుద్ధుడు హేతువాది అని తేలింది. హేతువు అన్న మాట గాథలోనే ఉంది.

పాతపుస్తకాల పిచ్చి:
అంత తొందరగా మన జట్టులో చేర్చుకోకండి సార్ 🙂 తెలుగులో హేతువాదం అంటే తర్కానికి నిలిస్తేనే ఒప్పుకుంటాం అని. ఈ హేతువు కారణం, తర్కం కాదు. హేతువాదులు ఎక్కువగా చెప్పే కాలామసుత్తంలోనే, కేసపుత్తం ఊళ్లో కాలాములనే జనానికి బుద్ధుడు చెప్పినప్పుడు, పరంపరగా వస్తోందని నమ్మకండి, పిటకాల్లో, అంటే గ్రంథాల్లో, ఉందని నమ్మకండి అన్న ఆ వరసలోనే "మా తక్కహేతు" అని కూడా ఉంది. తర్కానికి కుదిరిందని కూడా నమ్మకండి! చివరికి ఈ శ్రమణుడు మా గురువు కదా అని కూడా వద్దన్నాడు. ఇది చేస్తే లోభం, ద్వేషం, మోహం పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా మీరే చూసుకోండి, అదీ ఆయన కొలత. సగం వాక్యం పోస్టర్ మీద వేసి మిగతా సగం వదిలేస్తే ఎలా.

డాలస్ బామ్మ:
నాయనా, నాదో సందేహం. మా మనవడు ఇక్కడ మెడిటేషన్ క్లాసుకి వెళ్తున్నాడు. ఆత్మ లేదంటాడు, మళ్లీ జన్మలున్నాయంటాడు. లేని ఆత్మ ఎక్కడికి వెళ్లి పుడుతుందిరా అంటే నవ్వి ఊరుకుంటాడు. నా ఖర్మ.

పాతపుస్తకాల పిచ్చి:
అమ్మా, మీ ప్రశ్న మిలిందుడనే గ్రీకు రాజు అడిగిందే, మీరేం తక్కువ తినలేదు. పుట్టేవాడు వాడేనా, వేరేవాడా అని ఆయన అడిగితే నాగసేనుడనే భిక్షువు "న చ సో న చ అఞ్ఞో" అన్నాడు, వాడూ కాదు, వేరేవాడూ కాదు. దీపం రాత్రంతా వెలిగింది. మొదటి జాములో జ్వాల, మూడో జాములో జ్వాల ఒకటేనా? కాదు. పోనీ వేరే దీపమా? అదీ కాదు, ఒకదాన్ని ఆసరా చేసుకుని ఇంకోటి. అట్నుంచి ఇటు మూట మోసుకొచ్చినవాడు ఎవడూ లేడు. మళ్లీ మన గాథ దగ్గరికే వచ్చాం, హేతువు వల్ల పుట్టినదే ఉంది, హేతువు లేకుండా స్థిరంగా కూర్చున్న "నేను" వెతికితే దొరకదు అంటారు వాళ్లు. ఒప్పుకోవాలని లేదమ్మా, వేదాంతులు ఒప్పుకోలేదు, వెయ్యేళ్లు వాదించుకున్నారు.

ఇక "నా ఖర్మ" అన్నారు చూశారా, అది ఇంకా పెద్ద సంగతి. మనం క కి ఒత్తు పెట్టి ఖర్మ అన్నామంటే అది నుదుటిరాత, చేతిలో లేనిది. ఖర్మ కాలింది, ఖర్మ కొద్దీ దొరికాడు. బుద్ధుడు చెప్పిన కర్మ వరస దానికి పూర్తిగా ఎదురు: "చేతనాహం భిక్ఖవే కమ్మం వదామి", భిక్షువులారా, చేతననే నేను కర్మ అంటాను అన్నాడు. అంటే చెయ్యాలనుకోవడం, ఇప్పుడు, ఈ క్షణం మీ చేతిలో ఉన్నదే. మోలియసీవకుడని ఒకడు వచ్చి, మనకు కలిగే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లే అంటారు కొందరు, నిజమేనా అని అడిగాడు. కాదన్నాడు. కొన్ని పైత్యం వల్ల, కొన్ని శ్లేష్మం వల్ల, కొన్ని వాతం వల్ల, కొన్ని రుతువు మారడం వల్ల, కొన్ని ఎవరో కొట్టడం వల్ల, ఇలా ఎనిమిది చెప్పాడు, కర్మఫలం వాటిలో ఒకటి, అదీ చివర్న. కాబట్టి మోకాళ్ల నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు.

డాలస్ బామ్మ:
మోకాళ్ల సంగతి నీకెలా తెలుసు నాయనా!

గోలీసోడా:
😂😂

కృష్ణాతీరం:
చాలా సంతోషమండీ. మరి తెలుగులో ఒక్క వాక్యంలో పెట్టాలంటే ఎలా పెడతారు? "కారణముండి పుట్టినవేవో వాటి కారణం తథాగతుడు చెప్పాడు, అవి ఆరిపోవడమూ చెప్పాడు, మహాశ్రమణుడి మాట ఇది." సరిపోతుందా?

బడిపంతులు:
'ఆరిపోవడం' వద్దమ్మా. మనం దీపం ఆరిపోయిందని కూడా అనం, కొండెక్కింది అంటాం. వినగానే అశుభంగా తగులుతుంది. 'ఆగడం' అనండి, గాథలో ఉన్నది నిరోధమే కదా.

పాతపుస్తకాల పిచ్చి:
గాథ వరకు 'ఆగడం' సరే. నిర్వాణానికే తెలుగు మాట వెతకాలంటే మాత్రం నా ఓటు 'చల్లారడం'. మంట చల్లారింది, కోపం చల్లారింది అంటే ఎవరూ అశుభమనుకోరు, హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. పైగా అది నేను కల్పించింది కాదు. గయాసీసం కొండ మీద చెప్పిన ఆదిత్తపరియాయంలో, అంటే మంటల ఉపదేశంలో, బుద్ధుడు కన్ను మండుతోంది, చెవి మండుతోంది, అంతా రాగద్వేషమోహాల మంటల్లో ఉంది అంటాడు. జ్ఞానోదయమయ్యాక దారిలో ఎదురైన ఉపకుడనే సన్యాసితో తన గురించి తాను "సీతిభూతోస్మి నిబ్బుతో" అన్నాడు, చల్లబడ్డాను, ఆరాను అని. ఆ ఉపకుడు ఏమన్నాడో తెలుసా, "అయితే అయ్యుండొచ్చులే" అని తల ఆడించి వేరే దారిన పోయాడు. దీన్ని పిటకంలోంచి తీసెయ్యకుండా అలాగే ఉంచారు, నాకు చాలా ఇష్టం ఆ చోటు.

సూటిమాట:
ఆ ఉపకుడి పాలి మాట యథాతథంగా పెట్టండి సార్.

పాతపుస్తకాల పిచ్చి:
"హుపేయ్యపావుసో." హుపేయ్య + అపి + ఆవుసో. ఆవుసో అంటే సాటివాణ్ని పిలిచే పిలుపు, "ఏమోయ్" లాంటిది. ఉపకుడికి ఆయన్ని "భంతే" (స్వామీ) అనాలని తోచలేదు మరి.

బడిపంతులు:
ఆవుసో మీద వేరే పోస్టు పెట్టండి. ఆయుష్మాన్ నుంచి వచ్చిందంటారు, మన "చిరంజీవి" వాడకంతో పోల్చి చూడాలి. ఆ 32 మాత్రల సంగతి మాత్రం నేను వదలను.